పగటీలి

సోహార్ రేవు పక్కన, మూడో అంతస్తులో,
ఏసీ చలికి శాలువా కప్పుకుని
నేను బాణాలకి నడక నేర్పుతుంటాను.

ఓడ ఒక డబ్బా. కస్టమ్స్ ఒక డబ్బా.
స్కానింగు, తూకం, గేటు పాసు, తలా ఒక డబ్బా.
డబ్బాకీ డబ్బాకీ మధ్య గీత.
గీత మీద కందిగింజంత నారింజ చుక్క.
ఆ చుక్కే కంటైనరు.
నలభై అడుగుల ఇనుము
నా వేలి కింద గింజయిపోయింది.

కొత్త సాధనం మంచిదే.
దీని తర్వాత అది అని రాస్తే చాలు,
తనే డబ్బాలు పేర్చుకుంటుంది,
ఒకదాన్నొకటి తొక్కకుండా గీతలు వంచుకుంటుంది.
నేను చెప్పాల్సింది ఎంతసేపు అన్నదొక్కటే.
ఓడ నుంచి యార్డుకి సున్నా పాయింట్ ఎనిమిది సెకన్లు.
యార్డు నుంచి గేటుకి సున్నా పాయింట్ నాలుగు.
మొదట మెల్లగా కదలాలి, మధ్యలో పరిగెత్తాలి,
చివర గుమ్మం ముందు చెప్పులు విడుస్తున్నట్టు
తగ్గాలి.

ఒకసారి, తిరస్కరించిన కాగితం వెనక్కెళ్లే దారిలో
తప్పు చేశాను.
రెండు డబ్బాల మధ్య చుక్క
రాత్రంతా గానుగెద్దులా తిరిగింది.
పొద్దున్నే వచ్చి చూస్తే ఇంకా తిరుగుతోంది.
దానికి అలుపు లేదు. నాకే కళ్లు తిరిగాయి.

ఓదేలు వచ్చాడు ఏదో సంతకానికి.
కంటైనర్లని గొలుసులతో బిగించే గ్యాంగులో మనిషి.
పెద్దపల్లి దగ్గర ధూళికట్ట.
చంకలో హెల్మెట్, చెవుల వెనక ఉప్పుచారలు.
చాలాసేపు నిలబడి చూశాడు.
"గిది మా పనేనా మేడం?"
"మీ పనే."
"మేమేడున్నం మరి?"
చూపించాను. డబ్బా కాదు, గీత.
"గీ గీత మీదనేనా," అని నవ్వాడు.
వెళ్లబోతూ మళ్లీ ఆగాడు.
"పగటీలి ఆగదేంది గిది?"

జూన్ నెల.
పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని బందు.
రేకుల షెడ్డు కింద అట్టపెట్టెలు విప్పి పరుచుకుని
మొహాల మీద తువ్వాళ్లు కప్పుకునే మూడు గంటలు.
నా కాలరేఖలో ఆ మూడు గంటలు లేవు.
నాలుగేళ్లుగా గీస్తున్నాను.
నా కిటికీలోంచి ఆ షెడ్డు కనిపిస్తుంది.

ఆ సాయంత్రం ఆపాను చుక్కని,
గీత మధ్యలో, ఏ డబ్బాకీ చెందని చోట.
గంటకో సెకను చొప్పున మూడు సెకన్లు.

సోమవారం, గోడంత తెర మీద
చుక్క బయల్దేరింది. ఆగింది.
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.
"హ్యాంగైందా?" బల్ల చివరి నుంచి ఎవరో.
ఒకరు మౌస్ కదిపారు. ఒకరు వంగి వైరు చూశారు.
ఇంగ్లీషులో వల్లెవేసుకున్న వాక్యం
గొంతులోనే ఉండిపోయింది.
"పడుకున్నారు," అన్నాను తెలుగులో.
ఎవరికీ అర్థం కాలేదు.
మూడు సెకన్లు ఇంత పొడుగని నాకూ తెలీదు.
అప్పుడు లేచింది చుక్క,
ఒళ్లు విరుచుకున్నట్టు, మొదట మెల్లగా.

మధ్యాహ్నానికి మెయిలు:
ఆ ఖాళీ తీసేయండి, చూసేవాళ్లకి ఓపిక ఉండదు.
తీసేశాను. అబద్ధమెందుకు, పది నిమిషాల్లో తీసేశాను.
పాత ఫైలు మాత్రం చెరపలేదు.
దాని పేరు పగటీలి.
క్యారేజీ విప్పుకున్నాక దాన్ని నడుపుతాను.
అది ఆగినప్పుడు
పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉంటుంది.

ఓదేలు మళ్లీ వచ్చిన రోజు చూపించాను.
తెర దగ్గరికి వంగి,
తెల్లటి కాగితం మధ్యలో ఆగిన చుక్కని చూసి,
"ఆపినవ్ గని ఎండలనే ఆపినవ్ గద మేడం.
జర నీడకు జరుపు," అన్నాడు.

వెతికాను. సాధనంలో నీడలున్నాయి.
డబ్బాలకే పడతాయి.
తూకం డబ్బా కింద బూడిదరంగు కాస్త పరుచుకుని ఉంటే
చుక్కని అక్కడిదాకా లాక్కెళ్లాను.
గీత వంకరైంది.
అయితే అయింది.